చెక్కపలకల దుకాణం

సూరత్ పాత ఊళ్లో మేము అద్దెకున్న ఇల్లు రెండు ఇళ్ల మధ్య ఇరికించినట్టు ఉండేది. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. కింద వీధిలోకి మా దుకాణం, దాని మీద మా గది. వెనక భాగమంతా ఇంటావిడది. ఆమె గుజరాతీ మనిషి, ఎనభై దాటాయి. గుజరాతీలో అమ్మ అన్నట్టు వీధిలో అందరూ ఆమెను బా అనేవాళ్లు, మేమూ అలాగే పిలిచేవాళ్లం.

ఆ ఇంటి బరువంతా కట్టె మీదే ఉండేది. రాతి దిమ్మెల మీద టేకు స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద పై అంతస్తు. స్తంభాల మధ్య ఖాళీల్లో ఇటుకలు పేర్చి మట్టితో అతికి సున్నం కొట్టారు. పై అంతస్తు వీధి మీదికి మూరెడు ముందుకు వచ్చి ఉండేది. దాన్ని మోయడానికి చిలకల్లా చెక్కిన కొయ్యలు ఉండేవి. చిలకల ముక్కులు ఎప్పుడో అరిగిపోయాయి. బరువెక్కిన టెంపో సందులోకి వస్తే ఇల్లంతా సన్నగా వణికేది. కొత్తలో భయపడేదాన్ని. తర్వాత ఆ వణుకు తెలిసేదే కాదు.

మాది కరీంనగర్ వైపు నేతపని కుటుంబం. మా ఆయన ఈ ఊళ్లోనే ఖటోదరాలో పవర్ లూమ్ మీద చాలా ఏళ్లు పనిచేశాడు. మగ్గాల మోతకు చెవులు మందగించాక ఆ పని మానేసి ఈ దుకాణం పెట్టాడు. చీరల ఫాల్స్, జాకెట్ లైనింగ్, దారాలు అమ్మేవాళ్లం. గిరాకీలు ఏం అడుగుతున్నారో ఆయన పెదవులు చూసి తెలుసుకునేవాడు. వినపడనిది నేను పక్కనుంచి గట్టిగా చెప్పేదాన్ని.

ఆయన ఆ దుకాణంలోనే పోయాడు. మధ్యాహ్నం గడప దగ్గర స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఫాల్ కొనడానికి వచ్చినావిడ కునుకు తీస్తున్నాడనుకుని కాసేపు అరుగు మీద ఆగిందట. నేను పైన బట్టలు ఆరేస్తున్నాను. ఆమె పిలిస్తే దిగివచ్చాను. ముట్టుకోగానే తెలిసింది. అందరూ ఏడ్చారు, మా అమ్మాయి సొమ్మసిల్లి పడిపోయింది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. ఆసుపత్రిలో, శ్మశానం బయట, దినాలప్పుడు, అంతటా అలాగే ఉన్నాను. అడిగినవాళ్లకు జవాబు చెప్పాను. వచ్చినవాళ్లకు టీ పెట్టాను.

దినాలయ్యాక దుకాణం తెరిచాను. దానికి షట్టర్ లేదు. పైనా కిందా చెక్కలో గాడి ఉండేది, అందులో పొడుగాటి పలకలను ఒక్కొక్కటిగా నిలబెట్టి పక్కకు జరపాలి. చివరి పలకకు ఇనుప పట్టీ, తాళం. ఆ పని ఎప్పుడూ ఆయనదే. ఆ పొద్దు తెరవడం తేలికగానే అయింది, పక్క దుకాణం అతను పలకలు తీసి గోడకు ఆనించి వెళ్లాడు. సాయంత్రం మూసేటప్పుడు ఒక్కదాన్నే ఉన్నాను. ఏది ఎక్కడ పెట్టాలో తెలియక తోచినట్టు పెట్టుకుంటూ పోయాను. చివరికి ఒక పలక మిగిలింది, అది పట్టేంత సందు మిగల్లేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. వీధిలో జనం పోతూనే ఉన్నారు.

ఎంతసేపటికో బా కిందికి వచ్చింది. ఆ ఇంటి మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, పైనుంచి వేలాడే తాడు పట్టుకుని దిగాలి. ఆమె దిగడం నేను అరుదుగా చూశాను. నా పక్కన కూర్చుని, పలకను వెనక్కి తిప్పి, కింది అంచు మీద నా వేళ్లు పెట్టించింది. ఉలితో కొట్టిన చిన్న గాట్లు తగిలాయి. ఒక్కో పలకకు ఒక్కో లెక్క, ఆ వరుసలోనే పెట్టాలి. తన మామగారు కొట్టించారని చెప్పింది. ఇద్దరం కలిసి పలకలన్నీ తీసి మళ్లీ పెట్టాం. తాళం వేశాక ఆమె మళ్లీ అరుగు మీద కూర్చుంది.

"వెనక దూలాన్ని చెద తినేసింది బేటా," అంది హిందీలో. "పడుకుంటే పైనుంచి పొట్టు రాలుతోంది. ఇల్లు అమ్మేస్తున్నాను."

నేను అచ్ఛా అన్నాను. అన్నం తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. తినలేదు.

ఊరి బయట కడోదరాలో ఉండే మా అన్న, సంగతి తెలిసి వచ్చాడు. "ఇంకెన్నొద్దులు ఈ కట్టెల కొంపల? మా దిక్కు రాండ్రి. పిల్ల ఆడికెంచి కాలేజీకి పోతది," అన్నాడు. నేను సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరు ఏమన్నా సరేననేదాన్ని. మా అమ్మాయి ఒప్పుకోలేదు. తన కాలేజీకి కడోదరా దూరమని, దుకాణం ఇక్కడి జనానికి తెలిసిందని మామతో వాదించింది. దానికీ సరేనన్నాను. వెనక సందులో ఒక సిమెంటు గది చూసి సరుకూ సామానూ అంతా అక్కడికి చేర్చింది తనే. బా కూతురు వచ్చి తల్లిని అడాజణ్‌లోని తన ఫ్లాట్‌కు తీసుకుపోయింది.

ఇల్లు కొన్నతనికి కావలసింది స్థలం. కట్టెను విడిగా ఒక కలప వ్యాపారికి అమ్మాడు. అతని మనుషులు వచ్చి పైనుంచి మొదలుపెట్టారు. పెంకులు దించారు, తర్వాత వాసాలు, తర్వాత మా గది నేల. నేను ఎదురు అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. ఎందుకు చూస్తున్నానో నాకే తెలియదు. దూలాలను ఇనుప మేకులతో కాక కట్టెసీలలతో బిగించారు. సుత్తితో వెనకనుంచి కొడితే సీల ఊడివచ్చేది, దూలం మెల్లగా వదులయ్యేది. గోడలు ముందే రాలిపోయినా స్తంభాలు, దూలాలు చాలాసేపు వాటంతట అవే నిలబడ్డాయి. ఇల్లు ఎముకలతో మిగిలినట్టు కనిపించింది. వెనక దూలం నిజంగానే పొట్టయిపోయింది. మా అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ ఫోనులో ఫొటోలు తీసుకుంది. నా చేతుల్లో టీ గ్లాసు చల్లారిపోయింది.

చివరికి దుకాణం మిగిలింది. ఒకతను గునపం తెచ్చి గడప కింద దూర్చి ఎగదన్నాడు. చెక్క కిర్రుమంది. అప్పుడు లేచాను. నెలల తరబడి గిరాకీలతో హిందీలో, అదీ రెండు మాటలు మాట్లాడుతూ వచ్చాను. అప్పుడు నోటి నుంచి తెలుగే వచ్చింది.

"అది ఆయిన కూసున్న జాగ. జర పైలంగ తియ్యమను."

పెద్ద గొంతుతోనే అన్నట్టున్నాను, ఆయనకు వినపడాలని మాట్లాడే అలవాటు మీద. పనివాళ్లకు అర్థం కాలేదు. నా వైపూ ఒకళ్ల వైపు ఒకళ్లూ చూసుకున్నారు. మా అమ్మాయి వాళ్ల దగ్గరకు పోయి గుజరాతీలో చెప్పింది. గునపం పట్టినతను దాన్ని పక్కన పెట్టాడు. ఉలి తెచ్చి, రాతికీ గడపకూ మధ్య మట్టి గీకి, సీలలు తీసి, నలుగురు కలిసి గడపను పగలకుండా ఎత్తారు. అక్కా అన్నట్టు బెన్ అని పిలిచి, తీసుకుపోతారా అని అడిగాడు.

మా కొత్త గదిలో అది పట్టదు. వద్దన్నాను. గడపను కూడా టెంపోలో పలకల మీద పెట్టి తాడు కట్టారు. టెంపో మలుపు తిరిగాక మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు కూడా ఏడుపు రాలేదు.

తర్వాత ఒక ఆదివారం బాను చూడటానికి పోయాం. చాలా ఎత్తులో ఉంది ఆ ఫ్లాట్. కిటికీలోంచి తాపీ నది కనిపిస్తుంది. ఇల్లు కూల్చిన సంగతి ఆమె అడగలేదు, మేమూ చెప్పలేదు. దుకాణం నడుస్తోందా అంది, నడుస్తోందన్నాను. మోకాళ్ల నొప్పుల గురించి చాలాసేపు చెప్పింది. ఆమె కూతురు వేడివేడిగా మెంతికూర థేప్లాలు కాల్చి, తియ్యటి మామిడి తొక్కు ఛుందో వేసి పెట్టింది. తింటుంటే బాగా ఆకలిగా ఉందని తెలిసింది. ఇంకోటి పెట్టమని అడిగాను. అది కూడా తిన్నాను.