మా పాప విన్న కప్పలు

మా ఇంట్లో చెవుల పరీక్షకు స్టీలు పళ్లెం వాడేవాళ్లు. పాప వెనక నిలబడి గరిటెతో ఠంగుమని కొట్టడం, అది ఉలిక్కిపడి తిరగ్గానే "సూసినవా? మంచిగనే ఇనబడుతున్నది" అని గెలిచినట్టు నా మొహంలోకి చూడడం. అత్తమ్మ కొట్టింది, ఆడబిడ్డ కొట్టింది, పక్కింటామె తన ఇంటి నుంచి పళ్లెం తెచ్చుకుని మరీ కొట్టింది. పాప ప్రతిసారీ తిరిగింది. కుక్కర్ విజిల్‌కు తిరిగింది, తలుపు ధడాలుమంటే తిరిగింది. నేను పేరు పెట్టి పిలిస్తే మాత్రం తిరగదు. మూడో ఏడు నడుస్తున్నా అమ్మా అని అనలేదు.

"మొండిది, గంతే. వాళ్ల నాయిన గూడ గిట్లనే లేటుగ మాట్లాడిండు" అనేది అత్తమ్మ. ఆ నాయన, అంటే మా ఆయన, ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. పత్తి సీజన్లో ఆదివారం కూడా దొరకడు. మిషన్ల మోత మధ్యలోంచి ఫోన్లో "నువ్వు ఫికర్ జెయ్యకు, అంత మంచిగైతది" అని అరిచేవాడు. ఆ మోతలో నేను చెప్పేది ఆయనకు సగం కూడా వినపడేది కాదు. మాట వినపడనివాళ్లు ఇంట్లో ఒకరు చాలరన్నట్టు ఇద్దరు తయారయ్యారని ఒళ్లు మండి ఫోన్ పెట్టేసేదాన్ని.

నేను కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. అంతకుముందు కొన్నేళ్లు పరిశోధన చేశాను. అదీ వినికిడి మీదే, కాకపోతే కప్పల వినికిడి. మా బంధువులకు ఇది తరగని తమాషా. పెళ్లిళ్లలో నన్ను "కప్పల చెవుల డాక్టరమ్మ" అని పరిచయం చేస్తారు.

మత్తిచ్చిన కప్ప చెవి నుంచి మెదడుకు పోయే నరంలోకి వెంట్రుక కన్నా సన్నటి గాజు సూది దించేవాళ్లం. అదృష్టం బాగుంటే ఒక్క కణం దొరుకుతుంది. అది స్పందించినప్పుడల్లా స్పీకర్లో టక్‌మంటుంది. ముందు మిషన్ కూత వినిపిస్తాం, ఒకే శ్రుతిలో, చప్పగా. కణం కూడా అంతే చప్పగా, హాజరు పలికినట్టు నాలుగు టక్కులు కొట్టి ఊరుకుంటుంది. తర్వాత అసలు చప్పుడు పెడతాం. లక్సెట్టిపేట వైపు గోదావరి పక్క మడుగుల దగ్గర వానాకాలంలో మోకాలి లోతు బురదలో నిలబడి నేనే రికార్డు చేసుకొచ్చాను దాన్ని. కప్పలు, కీచురాళ్లు, చినుకులు, దూరంగా రోడ్డు మీద ఏదో లారీ, అన్నీ కలిసి ఉంటాయి. అప్పుడు చూడాలి ఆ కణం హుషారు! అంత గోలలోంచి తనవాళ్ల అరుపును ఏరుకుంటుంది. అదే ముక్క మళ్లీ వేస్తే మళ్లీ సరిగ్గా అవే చోట్ల టక్‌మంటుంది. ఎన్నిసార్లు వేసినా అంతే. అది విన్నప్పుడల్లా నాకు ముచ్చటేసేది.

అందుకే నాకు పళ్లెం మీద నమ్మకం లేదు. పాపను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అత్తమ్మ వద్దు వద్దంటూనే వెంట వచ్చింది. పాపను నిద్రపుచ్చి, నుదుటికీ చెవుల వెనకా వైర్లు అంటించి, చెవిలోకి చిన్న చిన్న టిక్కులు పంపారు. స్క్రీన్ మీద గీత గుట్టలు గుట్టలుగా లేవాలి. లేవలేదు. 

"చెవి మంచిగనే ఉన్నది మేడం" అన్నాడు డాక్టరు. "నరంతోనే ప్రాబ్లం. చప్పుడును మోసుకపోతున్నది గానీ ఒకసారి మోసినట్టు ఇంకోసారి మోస్తలేదు. టైమింగ్ తప్పుతున్నది. అందుకే అన్నిటినీ కలిపి చూస్తే గీత లేస్తలేదు. పాపకు చప్పుడైందని తెలుస్తది. అది ఏం చప్పుడో తెల్వదు."

ఆయన ఇంకా సులువుగా చెప్పబోతుంటే "తెలుసు సార్" అన్నాను. నిజంగానే తెలుసు. కప్ప నరంలో నేను ముచ్చటపడి విన్నది ఏదో, అదే నా బిడ్డకు లేదు. ఇంత బాగా అర్థం కాకపోతే ఎంత బాగుండేదో! అర్థం కాని తల్లికి ఇంకో డాక్టరు ఉంటాడు, ఒక మొక్కు ఉంటుంది, ఏదో ఒక ఆశ ఉంటుంది.

"చెవికి మిషన్ పెడితే?" తెలిసీ అడిగాను.

"చప్పుడు పెద్దగైతది, అంతే. ఆపరేషన్ చేసి లోపల మిషన్ పెడితే కొందరికి మాట తెలుస్తది, కొందరికి తెల్వదు. మీ పాపకు ఎట్లయితదో నేను గ్యారంటీ ఇయ్యలేను. జర ఆగి చూద్దాం."

బయటికి రాగానే అత్తమ్మ పట్టుకుంది. "ఏమన్నడు?"

"చప్పుడు ఇనబడుతది గని మాట తెల్వదంటున్నడు అత్తమ్మా."

"చప్పుడు ఇనబడ్డంక మాట ఎట్ల తెల్వదు? గీ డాక్టర్లకేం తెల్వదు" అని పాపను చంకనేసుకుని ఆటో వైపు నడిచింది. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు. క్లాసులో అయితే ఇదే విషయం బోర్డు మీద బొమ్మ వేసి గంటసేపు చెబుతాను.

ఆగి చూస్తుండగానే వానాకాలం వచ్చింది, వానలు మాత్రం రాలేదు. మెట్‌పల్లి దగ్గర అత్తమ్మ వాళ్ల ఊళ్లో మక్కజొన్న మొలకలు వాడిపోతున్నాయని తెలిసి అందరం వెళ్లాం. సీజన్ కాదు గనక మా ఆయన కూడా వచ్చాడు. ఊళ్లో పిల్లలు ఆ రోజు కప్పతల్లి ఆట కట్టారు. ఒక కప్పను పట్టి, గుడ్డలో వదులుగా చుట్టి, వేపమండలు పెట్టి రోకలికి నడిమధ్యన కడతారు. రోకలి చెరో కొస భుజాన వేసుకుని పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటివాళ్లు కప్ప మీద నీళ్లు పోసి, గింజలు పెట్టి పంపుతారు. అలా చేస్తే వాన పడుతుందని నమ్మకం.

మా వాకిట్లోకి వచ్చినప్పుడు అత్తమ్మ పాప చేతికి చెంబిచ్చి, తన చెయ్యి కూడా వేసి నీళ్లు పోయించింది. కప్ప గొంతు కింది చర్మం గబగబా కొట్టుకుంటోంది. నాకు చూడబుద్ధి కాలేదు. "అది సచ్చిపోతది అత్తమ్మా, ఇడ్సిపెట్టుమనున్రి" అన్నాను.

"నువ్వు కోసినప్పుడు సావలేదా?" అంది, పిల్లల చాటలో గింజలు పోస్తూ. 

ఆ సాయంత్రమే వాన కొట్టింది. ఫోన్లో పొద్దుటినుంచీ వాన బొమ్మే చూపిస్తోంది గానీ, పేరంతా కప్పతల్లికే పోయింది. వాన కాస్త తెరిపి ఇచ్చేసరికి ఇంటి వెనక పొలాల్లో కప్పలు అందుకున్నాయి. ఇంకా వెలుతురు ఉంది. వాకిట్లో నీళ్లు చిందుతూ ఆడుతున్న పాప ఆగిపోయింది. పళ్లేనికి తిరిగినట్టు ఉలిక్కిపడి కాదు, మెల్లగా, వెతుక్కుంటూ పొలాల వైపు తిరిగింది. కాసేపు అలాగే నిలబడి, నోరు తెరిచి "బెక్" అంది. ఆగి, మళ్లీ "బెక్" అంది. కప్పలతో కలిపి, తాళం తప్పకుండా.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. "కప్పతల్లి నా బిడ్డకు నోరిచ్చింది!" మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని "సూడు, రేపటికల్ల అమ్మ అంటది" అన్నాడు. ఆయన మొహం అంత వెలిగిపోగా నేనెప్పుడూ చూడలేదు.

ఏమని చెప్పను? ఆ కప్పల అరుపు ఒకే ముక్క. ఆగి ఆగి, అదే తీరుగా వస్తుంది. టైమింగ్ తప్పే నరం కూడా అంత తీరికగా వచ్చే చప్పుడును అందుకోగలదు. మాట అలా ఆగదు, క్షణానికి ఒక తీరుగా మారిపోతూ పోతుంది. ఇది నోరు రావడం కాదు, డాక్టరు చెప్పినదే ఇంకో రకంగా కనబడుతోంది. ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది. ఆయనతో పాటు సంతోషపడడమూ చేతకాలేదు.

పాప వెనక్కి వెళ్లి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. "నేను అమ్మను బిడ్డా, ఇటు సూడు" అన్నాను. అది కప్పల వైపే చెవి ఒగ్గి ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ నిమిషంలో బురదలోని కప్పలంటే నాకు కుళ్లు పుట్టింది. ఏడుపొచ్చింది. చీర తడుస్తున్నా పట్టించుకోకుండా ఆ నీళ్లలోనే గొంతుక్కూర్చుని, "బెక్" అన్నాను. ఆగి, మళ్లీ "బెక్" అన్నాను.

పాప తిరిగింది. నా పిలుపుకు తిరగడం అదే మొదలు. పరుగున వచ్చి, తడి చేతులతో నా మొహం పట్టుకుని, కళ్లలోకి చూస్తూ "బెక్" అంది.

నేను పలికాను.