గౌను అంచులో నాలుగు వేళ్ల మడత

శంషాబాద్‌లో మా పాపకు కొన్న గౌను అప్పుడే పొట్టిదైపోయింది. పొడుగు చేద్దామని అంచు తిరగేస్తే, విప్పడానికి లోపల మడతే లేదు!

మన అమ్మలు కుట్టిన గౌన్లు గుర్తున్నాయా? పాల్మాకులలో మా అమ్మ తన పాత చీర కత్తిరించి నాకు గౌను కుట్టేది. అంచు లోపల నాలుగు వేళ్ల గుడ్డ మడిచి ఉంచేది. ఏటా బడి తెరిచేముందు వేలెడు విప్పేది. వెలిసిన గౌను కింద కొత్త రంగు పట్టీ బయటపడేది. పట్టీలెక్కువుంటే ఎక్కువ పెరిగినట్టు. "నాయి మూడు! మీయి ఎన్ని?" అని బడంతా చూపించుకునేదాన్ని.

ఇవాళ అమ్మకు ఫోన్ చేసి ఈ గౌను సంగతి చెప్పాను.

"నీ బిడ్డ పెరుగుతదని దుకాణపోళ్లకు ఏమెరుకనే? గుడ్డ పట్కరా, నేను కుడ్త. ఈసారి ఆరు వేళ్లు మడుస్త. అది నీకన్న పొడుగైతది."