నాలా ఒడ్డున అమ్మమ్మ పాతిన పుల్ల

మా చిన్నప్పుడు... నాచారంలో నాలుగు చినుకులు గట్టిగా పడితే చాలు, మా అమ్మమ్మ వెదురుపుల్ల పట్టుకుని ఇంటి వెనక వాన నీళ్లు పారే నాలా దగ్గరికి బయలుదేరేది. నీళ్ల అంచున దాన్ని పాతి, మాటిమాటికీ వెళ్లి చూసొచ్చేది. పుల్ల మునుగుతుంటే నీరు పెరుగుతున్నట్టు... బయటపడుతుంటే తీస్తున్నట్టు.

అమ్మమ్మది గోదావరి మధ్యలో లంక ఊరు. చుట్టూ నీళ్లే. నాన్నకు రైల్వేలో ఉద్యోగం వచ్చాక అమ్మకు తోడుగా ఇక్కడికొచ్చింది... వస్తూ వస్తూ ఆ లంక భయాలన్నీ మూటకట్టుకుని తెచ్చుకుంది. మృగశిర కార్తె రాగానే అటుకులు, బెల్లం, అగ్గిపెట్టెలు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ మైనం పూసి అటకెక్కించేది. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

పక్కింటి సత్తెమ్మత్త కూడా నవ్వేది. వాళ్లది నాచారం పాత ఊరే. పొలాలు పోయాక బర్రెలే ఆధారం... మా వీధంతటికీ ఆమె పాలే.

"గీడికి గోదారి యాడికెళ్లి వస్తదమ్మా?" అని ఆటపట్టించేది. కానీ వాన పడితే మాత్రం గోడ మీది నుంచి తొంగిచూసి "పుల్ల ఏమంటున్నది?" అని తప్పకుండా అడిగేది.

ఆ ఏడాది ముసురు పట్టి వదల్లేదు. ఓ సాయంత్రం నాలా నిండుగా పారుతోంది. బర్రెల కొట్టం దాన్ని ఆనుకునే ఉంది. సత్తెమ్మత్త తడుస్తూ మా ఇంటికొచ్చింది.

"అమ్మా, బర్రెలను ఇడిసి మీదికి తోల్కపోనా? జర బుగులైతున్నది."

అమ్మమ్మ నాలా దాకా వెళ్లి చూసొచ్చింది. "మధ్యాహ్నం నుంచి పుల్ల అంగుళం కూడా మునగలేదే సత్తెమ్మా. వరద చెప్పకుండా రాదు. కంగారు పడకు, పాలు పిండుకుని నెమ్మదిగా తోలుకెళ్లు."

సత్తెమ్మత్త బకెట్ కోసం వాళ్లింట్లోకెళ్లింది.

అప్పుడే పైనెక్కడో చెరువు కట్ట తెగిందట. మాకేం తెలుసు... గోదావరైతే ఎగువన పెరిగిన నీరు లంకకు చేరేసరికి సామాన్లు సర్దుకునేంత వ్యవధి ఉంటుంది. ఇక్కడ నీళ్లు ఒక్కసారిగా గోడలా వచ్చిపడ్డాయి. నాన్న మమ్మల్నందరినీ డాబా మీదికి ఈడ్చుకెళ్లాడు. పైనుంచి చూస్తే సత్తెమ్మత్త కొడవలి పట్టుకుని కొట్టం వైపు దిగబోతోంది. వాళ్లాయన ఆమెను వెనకనుంచి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇడువు... తాళ్లు కోసొస్త, ఇడువు!"

బర్రెలు గుంజలకు కట్టేసే ఉన్నాయి. మెడలు పైకెత్తి అరిచాయి... అరిచి అరిచి ఆగిపోయాయి.

మర్నాడు బర్రెలను లారీలోకి ఎత్తుతుంటే, అమ్మమ్మ అందరి ముందూ సత్తెమ్మత్త దగ్గరికెళ్లి చేతులు జోడించింది. "మా ఏటి సంగతి నీకు చెప్పానమ్మా. ఈ నీళ్లు నాకు తెలియవని చెప్పలేకపోయాను."

సత్తెమ్మత్త గుంజలకున్న తాళ్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయింది. తిట్టినా బాగుండేది. అమ్మమ్మ ఆ తర్వాత వానొస్తే గుమ్మం దాటలేదు. సత్తెమ్మత్త మళ్లీ గోడ దగ్గరికి రాలేదు.

ఇప్పుడు ఆ కొట్టం జాగాలో అపార్ట్‌మెంట్. మేమూ అందులోనే ఉంటున్నాం. వాచ్‌మన్ కుటుంబం సెల్లార్‌లో ఉంటుంది. భారీ వర్షమని ఫోన్లు మోగితే, గ్రూపులో ఫార్వర్డ్ చేసేసి దుప్పటి కప్పుకుంటాం. మొన్న వానలో సెల్లార్‌లోకి దిగి, వాళ్లను పైకి రమ్మని పిలిచాను. వాచ్‌మన్ భార్య మొహమాటంగా, "సార్లు నీళ్లు సూసి చెప్తమన్నరు మేడమ్" అంది.

ఏ సారు? ఎవరికీ తెలియదు. నేను వాళ్ల పిల్లను ఎత్తుకుని మెట్లెక్కాను... తల్లి వెనకే వచ్చింది.

మీ వీధిలో నీళ్లొస్తే ముందు ఎవరి తలుపు కొడతారు? చెప్పండి... అప్పట్లో మాకు సలహా చెప్పే మనిషి ఉండేది. ఆ మాట తప్పైతే, మర్నాడు వచ్చి ఎదురుగా నిలబడేది.