మామిడికాయ పప్పు ముందు చర్చలు

ఇవాళ పొద్దున మా ఇంద్రేశం సందు చివర విశ్వవిద్యాలయం బస్సు హారన్ కొడుతుంటే, ఎదురు లేఅవుట్‌లోకి కొత్తగా దిగిన ఒకావిడ మా గేటు దగ్గర ఆగి, "మీ దిక్కు ఈ బస్సు ఎట్లొస్తుందాంటీ? మా అక్క వాళ్ల ఊరోళ్లు ఎంత మొత్తుకున్నా ఎయ్యలేదు" అని అడిగింది. చెబుదామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. అయిదుగురు ఆడపిల్లలు ఒకపూట అన్నం ముట్టనందుకు వచ్చిందంటే, ఎందుకు ముట్టలేదని అడుగుతుంది. అది మొదలుపెడితే ఆవిడ పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. "మా ఆయన తెచ్చిండు లే" అని ఊరుకున్నాను. అబద్ధమేమీ కాదు. కానీ ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఎవరు ఎవరికి మేలు చేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొన్నేళ్ల కిందటి మాట. పక్క రాష్ట్రంలో కొండల వైపు ఉన్న ఒక గిరిజన విశ్వవిద్యాలయానికీ, ఇక్కడ సంగారెడ్డి వైపు ఉన్న రాష్ట్ర విశ్వవిద్యాలయానికీ సహకార ఒప్పందం కుదిరింది. అక్కడ పిల్లలున్నారు, ప్రయోగశాలలు ఇంకా లేవలేదు. ఇక్కడ ప్రయోగశాలలున్నాయి, చుట్టూ కావలసినన్ని మందుల కంపెనీలున్నాయి, పిల్లలే తక్కువ. అందుకని కెమిస్ట్రీ చదివే అయిదుగురు అమ్మాయిలను ఏడాది పాటు ఇక్కడికి పంపారు. అయితే ఒప్పందం సగం ఏడాదికే. ఆ తర్వాత రెండు వైపుల పెద్దలూ కూర్చుని, బాగుందనుకుంటే పొడిగించాలి. ఇక్కడి బాధ్యత ఆ విశ్వవిద్యాలయంలోనే పనిచేసే మా మరిదిది. ఆడపిల్లల హాస్టల్ ఇంకా తయారవ్వలేదని మా మేడమీది రెండు గదులను కిరాయికి తీసుకున్నాడు. మా మరిది తుమ్మాలన్నా పై అధికారి మొహం చూసి తుమ్మే రకం. వాళ్లన్న, అంటే మా ఆయన, పూర్తిగా ఉల్టా. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రిటైరయ్యేదాకా యూనియన్ నాయకుడు. రిటైరయ్యాక కొట్లాడటానికి యాజమాన్యం దొరక్క నాతో కాలక్షేపం చేస్తున్నాడు. ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలేనా అని మా అత్తగారే అనుమానపడేది.

అయిదుగురిలో పెద్దది సాయంత్రాలు మా వంటింట్లోకి వచ్చి, వద్దన్నా వినకుండా ఉల్లిపాయలు తరిగిపెట్టేది. మాట తక్కువ. ఒక్క భయం మాత్రం తరచూ చెప్పేది. "ఇక్కడ సగంలో ఆపీసి పంపించేస్తే అక్కడ మా ఏడాది పోద్ది ఆంటీ. అక్కడ ఇప్పుడు మాకు క్లాసుల్లేవు. ఇక్కడిదీ పూర్తవదు. ఎటూ కాకుండా అయిపోతాం" అనేది. మా ఆయనకు ఆ సంగతి పట్టలేదు. పిల్లలు క్యాంపస్‌కు రోజూ రెండు ఆటోలు మారి పోవడం ఒక్కటే కంట పడింది. "బస్సు అడుగుండ్రి బిడ్డా. అడగంది అమ్మ కూడ పెట్టది" అని మెట్ల దగ్గర కాపు కాసి మరీ చెప్పేవాడు. "పర్లేదంకుల్" అని నవ్వి పోయేవాళ్లు. పర్లేదన్న మాట ఆయనకు గిట్టదు. ఫ్యాక్టరీలో కూడా చెయ్యి తెగినవాడు మొదట అనేది అదేనట.

పొడిగింపు సంతకాల రోజు వచ్చింది. ముందు భోజనాలు, తర్వాత సంతకాలు. పిల్లలకు ఇల్లిచ్చినవాళ్లమని మమ్మల్నీ పిలిచారు. మామిడికాయ అప్పుడప్పుడే మార్కెట్లోకి దిగుతోంది. గిరిజన విశ్వవిద్యాలయం తరఫున వచ్చే పెద్దాయన ఉత్తరాది మనిషి, ఆయనకు మన మామిడి రుచి చూపించాలని మా మరిదికి ఉత్సాహం పుట్టింది. మామిడికాయ పప్పు, మామిడికాయ పులిహోర, ముక్కల పచ్చడి, తాగటానికి మామిడి పన్నా. వాసనకే నాకు నోరూరింది. ప్లేట్లలో అన్నీ ముందే వడ్డించి పెట్టారు. పెద్దలకు ఎదురుగా పిల్లలను కూర్చోబెట్టారు. అందరూ తింటున్నారు, ఈ అయిదుగురు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని ప్లేట్లను చూస్తున్నారు. మా మరిది వచ్చి మెల్లగా అడిగితే, "కడుపులో బాగోలేదు సార్" అంది చివరి పిల్ల. పక్కపిల్లా అదే అంది. ఆ పక్కపిల్లా అదే.

మా ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. నా చెవి దగ్గర వంగి, "అయిదుగురికీ ఒక్కపారే కడుపు నొస్తదా? ఇది క్యాంటీన్ బాయ్‌కాట్. నాకెరికలేదా" అన్నాడు. మా పారిశ్రామిక వాడలో అది పాత పద్ధతి. సమ్మె దాకా పోకుండా కోపం చూపించాలంటే, కార్మికులు క్యాంటీన్లో ప్లేటు ముందు కూర్చుంటారు, తినరు, నోరు విప్పరు. మేనేజరు పరుగెత్తుకొస్తాడు. నేను చొక్కా పట్టి లాగుతున్నా వినకుండా మా ఆయన లేచాడు. ఎన్నాళ్ల తర్వాతో ఆయన మొహంలో వెలుగు చూశాను. "సార్, పిల్లలు నోరు దెర్వరు. వాళ్ల బాధ నేను జెప్త, జెర ఇనుండ్రి. రోజు రెండు ఆటోలు మారి వస్తున్రు" అని ఎత్తుకున్నాడు. ఇక్కడి పెద్దాయన మొహం మాడింది. "ఒప్పందం నచ్చకపోతే ఇక్కడితో ఆపేద్దాం" అన్నాడు. అక్కడి పెద్దాయన "యే క్యా హో రహా హై?" అని, ఏం జరుగుతోందో చెప్పమని అందరినీ అడుగుతున్నాడు. ఎవరికి తెలిస్తే కదా చెప్పడానికి. మా మరిది మంచినీళ్లు తాగబోయి పన్నా తాగేసరికి పొలమారింది. ఆపేద్దామన్న మాట వినగానే పెద్దపిల్ల మొహంలో నెత్తురు లేదు. "అంకుల్, అది కాదు..." అని లేవబోయింది. "నువ్వు గూసో బిడ్డా, నేనున్న గదా" అన్నాడు మా ఆయన.

ఆయనకు బేరం చేతనవును, ఆ మాట ఒప్పుకోవాలి. గొంతు తగ్గించి, నవ్వు కలిపి, కాసేపట్లో బస్సు ఒప్పించేశాడు. ఇక్కడి పెద్దాయన మెత్తబడి, "సరే, వేస్తాం. ఇకనైనా పిల్లల్ని తినమనండి" అన్నాడు. బాయ్‌కాట్ ముగియాలంటే నాయకుడు అందరి ఎదుట మొదటి ముద్ద తినాలి. అదీ ఫ్యాక్టరీ పద్ధతే. మా ఆయన పెద్దపిల్ల దగ్గరికి వెళ్లి, తన చేత్తో పప్పన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాడు. చుట్టూ ఫోన్లు లేచాయి. ఆ పిల్ల ముద్ద వైపు చూసింది, తన తోటి నలుగురి వైపు చూసింది. వాళ్లు తల దించుకున్నారు. నోరు తెరిచి తిన్నది. చప్పట్లు కొట్టారు. నాయకురాలు తిన్నది కాబట్టి మిగతావాళ్లను ఎవరూ పట్టించుకోలేదు. ఒప్పందం పొడిగించారు.

ఆ సాయంత్రం పెద్దపిల్ల వంటింట్లోకి రాలేదు. నేనే మేడెక్కాను. వెనకే మా ఆయన, బస్సు ఏ వేళకు కావాలో కనుక్కుంటానని. గదిలో అందరూ దాని చుట్టూ కూర్చున్నారు. ఏమైందని నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు పెద్దపిల్ల చెప్పింది. "మా ఊర్లో మామిడి కొత్త పండగ అవ్వందే ఎవులూ కాయ ముట్టరు ఆంటీ. ముందు కొండదేవతకీ, పోయిన పెద్దలికీ పెట్టాలి. అప్పుడు మా మామ్మ అందరికీ తలో ముక్కా పెడతాది. ముందే తిన్నోళ్లు ఆ వరసలో కూకోకూడదు." చిన్నపిల్ల మధ్యలో అందుకుని, "ఇక్కడ తిన్నట్టు అక్కడ ఎవరు చూశారక్కా" అంది. "నాకు తెలుసు కదే" అంది పెద్దది.

మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఒక్క మాట జెప్తే అయిపోవు గద బిడ్డా. ఎందుకు తిన్నవ్?" అన్నాడు. "అంతమందిలో దేవత మాట చెప్తే నవ్వుతారంకుల్. ఇదివరకు నవ్వారు. ఆపేస్తామన్నారు కూడా కదా. మీరు మా కోసం నిలబడ్డారు. మీ చెయ్యి ఎలా తోసీమంటారు?" అంది. ఆయన మెట్లు దిగాడు. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద జాలీ వచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలియదు. మా చర్చిలో కోతపండుగకు మేమూ మొదటి పంట తెచ్చి దేవుని ముందు పెడతాం. కాకపోతే ఇంట్లో అప్పటికే తినేసి ఉంటాం. ఆ పిల్లల ప్లేట్లు చూసినప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు.

పండుగకు ఊరెళ్లిన పెద్దపిల్ల తిరిగొచ్చి చెప్పింది. వరసలో కూర్చోకుండా పక్కన నిలబడిందట. ఎందుకే అని మామ్మ అడిగితే ఉన్నదంతా చెప్పేసిందట. ముసలావిడ ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "ఇంతకీ ఆ బస్సు వేశారా, లేదా?" అని అడిగిందట. అది చెప్పి ఆ పిల్ల నవ్వింది, మేమూ నవ్వాం. చదువు పూర్తయింది, ఇప్పుడు ఎక్కడో మంచి ఉద్యోగంలో ఉంది. కానీ ఆ మరుసటి ఏడు కొత్త పండగ రాకముందే మామ్మ పోయింది, ఆవిడ చేతి ముక్క ఆ పిల్లకు మళ్లీ దక్కలేదు. ఫోన్లో ఆ కబురు విన్న రోజు మా ఆయన చాలాసేపు గేటు దగ్గర ఊరికే నిలబడ్డాడు. బతుకంతా ఎంతెంత పెద్దవాళ్లనో చర్చలకు కూర్చోబెట్టిన మనిషి, కాలాన్ని మాత్రం ఒక్క ఏడు వెనక్కి ఇమ్మని ఒప్పించలేకపోయాడు.