శేషమ్మ వేసే ఆఖరి సూది

అది కాదబ్బా, మీరే చెప్పండి. నొప్పితో మూలిగే గొడ్డుకు సూది వేస్తే తప్పెట్ల అవుతాది? శేషమ్మ గూడా ముప్పై ఏండ్లు ఇట్లనే అనుకునింది.

ఆమెది పెద్దారవీడు పక్కన చిన్న పల్లె. అరవై దాటినాయి, చదివింది మూడో తరగతి. వయసులో ఉన్నప్పుడు పశువుల ఆస్పత్రిలో ఊడ్చే పనికి పోయి, కాంపౌండర్ చెయ్యి చూసి చూసి సూది వెయ్యడం నేర్చుకునింది. డాక్టరు దొరికేది వారానికి ఒకరోజు. శేషమ్మ మాత్రం ఎప్పుడు పిలిచినా పలుకుతాది. గొర్రెకు కాలు విరిగినా, బర్రెకు పొదుగు వాచినా, నీలంరంగు ప్లాస్టిక్ డబ్బా చంకన పెట్టుకోని నడిచి పోతాది.

ఇంక బతకదని తేలిపోయిన గొడ్డుకు గూడా ఆమె సూది వేస్తాది. మెడికల్ షాపులో మనుషులకు అమ్మే నొప్పి మందే, డైక్లోఫెనాక్. నాలుగైదు సీసాలు ఒక్కసారే ఎక్కిస్తాది. దానికి రూపాయి తీసుకోదు. "ఇన్నేండ్లు మన చేలో కష్టపడింది, పోయేటప్పుడన్నా సుఖంగా పోనీండ్రా" అంటాది. చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని ఆఖరి సూది అంటారు. గొడ్డు చచ్చినాక ఈడ్చుకుపోయి ఊరి బయట ఉండే గొడ్లతిప్ప మీద పడేస్తారు.

మొన్న మంగళవారం పొద్దున పంచాయతీ ఆఫీసుకు రేణుక అని ఒక పిల్ల వచ్చింది. రాబందుల మీద పెద్ద చదువు చదువుతా ఉందంట. ముసిలోళ్ళను కూర్చోబెట్టి, ముందర ఎన్ని ఉండేవని అడిగింది.

"తిప్ప నల్లగా కనపడేది పాపా!" అనింది శేషమ్మ. "పొద్దున ఎద్దును పడేస్తే మధ్యాహ్నానికి ఎముకలే. యాడికి పోయినాయో ఏమో. సెల్ టవర్లు వచ్చి పోయినాయంటారు."

"టవర్లకు కాదు అవ్వా, ఈ మందుకు." రేణుక ఫోన్లో బొమ్మ చూపించింది. "ఇది ఎక్కించిన గొడ్డు ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందులకు మూత్రపిండాలు పాడైపోతాయి. అవీ చస్తాయి."

శేషమ్మ తన డబ్బా మూత తీసింది. బొమ్మలో ఉండే సీసాలే, ఆరు ఉన్నాయి.

"బతికిన గొడ్డుకు వేస్తే?"

"బతికితే నాలుగు రోజుల్లో మందు ఒంట్లోంచి పోతాది. చచ్చేముందు వేసిందే చేటు."

అంటే ఆఖరి సూదే. శేషమ్మ డబ్బా మూత పెట్టేసింది.

"మరి గవర్నమెంటు ఏం చేస్తా ఉంది?" అనింది.

"రెండువేల ఆరులోనే గొడ్లకు వాడొద్దని ఆపేసినారు అవ్వా. సైంటిస్టులు చెప్పినారు, మనోళ్ళు విన్నారు. నేపాల్, పాకిస్తాన్ గూడా అదే ఏడు ఆపేసినాయి."

"ఆపేసినారా? నాకెవరు చెప్పినారే? నేను నిన్న గూడా వేసినా!"

"నువ్వంటే తెలీక వేసినావు అవ్వా, తెలిసి చేసినోళ్ళు గూడా ఉండారు," అనింది రేణుక. "స్పెయిన్ అని ఒక దేశం ఉంది. ఆడ రాబందులు బాగా ఎక్కువ. మన దగ్గర జరిగిందంతా తెలిసి, సైంటిస్టులు వద్దన్నా, ఏడేండ్ల తర్వాత గొడ్లకు వాడుకోమని పర్మిషన్ ఇచ్చినారు. చచ్చిన గొడ్లను జాగ్రత్తగా తీసేస్తాంలే అన్నారంట."

"ఓరి దేవుడో! నేనంటే తెలీక చేసినా. వాళ్ళకేం పుట్టింది?"

పక్కన కూర్చున్న ఆదిశేషు ఊరుకుంటాడా? "ఇంకేంది వదినా, స్పెయిన్ పో. నిన్ను పెద్ద డాక్టర్ని చేస్తారు." అందరూ నవ్వినారు. శేషమ్మ నవ్వలా.

"ఈ నెల దోర్నాల దిక్కున రెండు రాబందులు కనపడినాయి అవ్వా. ఇటు వస్తాయేమోనని చూస్తా ఉన్నాం," అనింది రేణుక.

ఆ మాటకు శేషమ్మ లేచి నిలబడింది. ముందురోజు సాయంత్రం వేసింది సుబ్బయ్య ఎద్దుకు. నాలుగు సీసాలు. వెంటనే ఫోన్ చేసింది.

"పొద్దున్నే పోయింది అక్కా," అన్నాడు సుబ్బయ్య. "నీ పుణ్యాన మూలగను గూడా మూలగలా. ఇప్పుడే ట్రాక్టరుకు కట్టి తిప్ప మీద వేసి వచ్చినాం."

"పూడ్చి పెట్టండ్రా దాన్ని!"

"ఏంది, ఎద్దునా? ఆడంతా పలకరాయి, గడ్డపార దిగదు. నీకేమన్నా ఎండ తగిలిందా అక్కా?"

గొయ్యి తవ్వమని జేసీబీ నడిపే ఆనంద్‌కు చేసింది. "అన్నం తిని వస్తా పెద్దమ్మా" అన్నాడు.

శేషమ్మ తిప్ప ఎక్కి ఎద్దు పక్కన గొడుగు వేసుకోని కూర్చునింది. కుక్కలొస్తే కట్టెతో అదిలిస్తా ఉంది. కాకులొస్తే రాయి విసురుతా ఉంది. కండ్లు మాత్రం ఆకాశంలోనే. ఇరవై ఏండ్లయింది రాబందును చూసి. ఒక్కటన్నా కనపడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకునిందో. ఇప్పుడేమో, "రావొద్దమ్మా, ఈ ఒక్కరోజు ఇటు రావొద్దు" అని మొక్కుకుంటా ఉంది.

మూడు దాటింది. ఆనంద్ ఫోన్ ఎత్తడంలా. గొయ్యి ఇంకా తవ్వనే లేదు.