సరోజ ఆంటీ బీరువాలో పంక్ పాటలు

ఈ సాయంత్రం ఇక్కడ సింగపూర్ సెంబవాంగ్‌లో మా కింది ఫ్లాట్ సరోజ ఆంటీ నన్ను పిలిచి, చేతిలో కొత్త ఎల్పీ రికార్డు పెట్టారు. ముప్పై ఏళ్ల కిందట వాళ్లబ్బాయి డ్రమ్స్ వాయించిన పంక్ బ్యాండ్ పాటలు. అప్పట్లో కొద్ది కాసెట్లే చేసి స్నేహితులకు పంచారట. ఇప్పుడు అవన్నీ కలిపి రికార్డుగా తెచ్చారు. బ్యాండ్‌వాళ్ల దగ్గరున్న కాసెట్లు ఇక్కడి తేమకు బూజుపట్టి పోయాయి. బతికినవి ఆంటీ పట్టుచీరల బీరువాలో ఉన్నవే.

"ఈ పాటలంటే మీకంత ఇష్టమా ఆంటీ?" అన్నాను.

"ఇష్టమేంటమ్మా, ఒకటే అరుపులు! కానీ అప్పుడప్పుడూ తిప్పకపోతే టేపు పాడైపోద్ది. పిల్లలు కష్టపడి చేసుకున్నారు కదా, అందుకే నెలకోసారి వేసేదాన్ని."

అక్కడే రికార్డు పెట్టి విన్నాం. నా చెవులు దిమ్మెక్కిపోయాయి. మూడో పాట మధ్యలో ఆంటీ వేలెత్తి, "ఇదిగో, ఇక్కడ మావాడు ఒక దెబ్బ తప్పుతాడు చూడు" అన్నారు.

సరిగ్గా అక్కడే తప్పాడు.

ముప్పై ఏళ్లు, నెలనెలా, నచ్చని పాటలు! నేను వీరాభిమానినని చెప్పుకు తిరిగే ఏ బ్యాండ్‌కీ ఇందులో పదో వంతు చేయలేదు. మీలో ఎవరైనా చేశారా?