పిడికెడు కందులు

నారాయణఖేడ్‌లో కొత్త కందులు ఇళ్లకు చేరే రోజుల్లో మా వీధంతా ఒకటే వాసన. తిరగలిలో విసిరే ముందు వాటిని పెద్ద మూకుడులో దోరగా వేయిస్తారు. పొట్టు కొంచెం మాడి ఆ కమ్మని పొగ గోడ దాటి వచ్చినప్పుడు మా పక్కింటావిడ గట్టిగా గాలి పీల్చి ఈ పూట పప్పుచారే అని తేల్చేస్తుంది. నాకు మాత్రం ఆకలి వేయదు, తల దించుకోవాలనిపిస్తుంది. ఇన్నేళ్లయినా ఆ సిగ్గు పోలేదు.

నాకు పదకొండేళ్లప్పుడు, అంటే 2004 ప్రాంతంలో, మేం హైదరాబాద్‌లో ఉన్నాం. కంగ్టి దగ్గర మా చెలకకు వానలు మొహం చాటేస్తే నాన్న మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లి, అమీర్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు. మెట్ల కింది గది మా ఇల్లు. ఆ గదిలో నేను నిద్రకు తప్ప ఉండేదాన్ని కాదు, ఎందుకంటే బయట పట్నమంతా ముఫత్‌గా, పైసా అడక్కుండా ఆడుతోంది. టీవీల షాపు అద్దం ముందు నిలబడితే ఒకేసారి పది తెరల మీద క్రికెట్, చప్పుడు లేకుండా. పెళ్లి ఊరేగింపు ఎదురైతే సందు చివరిదాకా బ్యాండు వెంట నడక. చెరకు రసం మిషన్ గజ్జెల చప్పుడు, మిరపకాయ బజ్జీల బండి చుట్టూ మూగే జనం, రెండు కర్రల మధ్య తాడు మీద నడిచే నా ఈడు పిల్ల, సాయంత్రమైతే ట్యాంక్‌బండ్ మీద గాలి, నీళ్లలో వణికే దీపాలు. అన్నిటికన్నా గొప్పవి విమానాలు. బేగంపేటలో రోడ్డు పక్కన నిలబడితే అవి కడుపు చూపిస్తూ నెత్తి మీదుగా దిగేవి, ఆ హోరుకు గుండె దడదడలాడేది. ఏది ఎక్కడ, ఎన్నింటికి దొరుకుతుందో నాకు తెలిసినంతగా పట్నంలో ఎవరికీ తెలియదని నా పొగరు.

ఆ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో, కంట్లో పొర తీయించుకోవడానికి మా అమ్మమ్మ వచ్చింది. ఆమెది నాగల్‌గిద్ద పక్కన పల్లె. మాటలో తెలుగెంతో కన్నడమూ అంతే. సంతోషం పట్టలేకపోతే చూడు చూడు అనడానికి “నోడు నోడు” అనేది. ఆపరేషన్ అయ్యాక దవాఖానవాళ్లు నల్లద్దాలు పెట్టి, పది రోజులకు మళ్లీ రమ్మన్నారు. ఒక కన్ను కొత్తది, రెండోది ఇంకా మసక. ఆ పది రోజులూ పట్నం చూపించే పని నేను పెట్టుకున్నాను.

అమ్మమ్మ మాకోసం తన చేనులో పండిన కందులు మూటగట్టి తెచ్చింది. బయటికి బయల్దేరినప్పుడల్లా వాటిలోంచి కొన్ని చిన్న గుడ్డసంచిలో పోసి నడుముకు దోపుకునేది. ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. వాళ్ల ఊళ్లో గంగిరెద్దులాయన వచ్చినా, బుడబుక్కలాయన వచ్చినా, పొద్దున రాముడై మాపటికి పోలీసై తిరిగే పగటివేషగాడు వచ్చినా, చూసినవాళ్లు పిడికెడు గింజలు పోయాల్సిందే. వేషం బాగుందా లేదా అని అమ్మమ్మ చూసేది కాదట. కట్టినందుకు ఇచ్చేది.

తాడు మీద నడిచిన పిల్ల కిందికి దిగగానే అమ్మమ్మ గుంపులోంచి ముందుకెళ్లి ఆ పిల్ల తల్లి కొంగులో పిడికెడు కందులు పోసింది. ఆ తల్లి వాటిని కళ్లకద్దుకుంది. నేను బిత్తరపోయి చూస్తుంటే, “ఊకె సూడద్దు బిడ్డా, కష్టపడ్తుండ్రు గద” అంది అమ్మమ్మ. అన్నీ ఊరికే చూశానని, ఎవరికీ ఏమీ ఇవ్వలేదని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

టీవీల షాపు ముందు తలుపు దగ్గర నిలబడ్డ గార్డుకు పిడికెడు ఇచ్చింది. అతను నవ్వి జేబులో పోసుకున్నాడు. బేగంపేటలో విమానం దిగుతుంటే నల్లద్దాలు నుదుటి మీదికి తోసి, నోరు తెరుచుకుని, “నోడు నోడు” అని చప్పట్లు కొట్టింది. తర్వాత సంచిలో చేయి పెట్టి అడిగింది.

“గిదాన్ని నడిపిచ్చెటోడు ఏడ దిగుతడు బిడ్డా?”

“ఆయనకు జీతం ఇస్తరు అమ్మమ్మా.”

“జీతం ఆళ్లిచ్చేది. సూసినందుకు మనమియ్యాలె గద.”

ఇవ్వడానికి ఎవరూ లేక కందుల్ని పిట్టగోడ మీద పోసింది. పావురాలు వచ్చి తిన్నాయి. నేను పొట్ట పట్టుకుని నవ్వాను, తనూ నవ్వింది. మేమిద్దరం అంతగా నవ్వుకున్న రోజు అదే ఆఖరు.

చర్చిలో ఆదివారం పాటలు నేర్పే చోట నాకు శ్రావ్య అని ఒక స్నేహితురాలు ఉండేది. కాన్వెంటులో చదివేది, తెల్లటి మేజోళ్లు వేసుకునేది. మీ ఇల్లెక్కడ అని తను అడిగిన రోజు, ఫలానా అపార్ట్‌మెంటు అని చెప్పాను. అబద్ధం కాదు. ఏ అంతస్తో తను అడగలేదు, నేనూ చెప్పలేదు. తను నా భుజం మీద చేయి వేసి నడుస్తుంటే ఆ పైఅంతస్తుల్లో ఏదో ఒకటి నిజంగానే మాదనిపించేది.

అమ్మమ్మ ఊరికి వెళ్లడానికి ముందు రోజు సాయంత్రం, అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద కూరగాయలు తరిగే పీట అమ్మేవాడి దగ్గర ఆగాం. గడగడా మాట్లాడుతూనే వాడు క్యారెట్‌ను పువ్వులా, ఉల్లిగడ్డను దారాల్లా తరుగుతుంటే కొనేవాళ్లకన్నా చూసేవాళ్లే ఎక్కువ. అమ్మమ్మ నా చేయి పట్టుకుని “నోడు బిడ్డా, నోడు” అని ఊగిపోతోంది. అప్పుడే గుంపుకు అవతల శ్రావ్య కనిపించింది. నేను మెల్లగా చేయి విడిపించుకున్నాను.

అమ్మమ్మ ముందుకెళ్లి ఆ పీట పక్కన కందులతో దోసిలి చాచింది. “ఇగో బిడ్డా, పట్టు.”

వాడు ఒక్క క్షణం తెల్లమొహం వేశాడు. తర్వాత గొంతు పెంచాడు. “సూడుండ్రి, ముసలవ్వ కందులు తెచ్చింది! ఇగ ఎవలన్న చింతపండు తెస్తే అందరం పప్పుచారు తాగి పోదాం!”

జనం గొల్లుమన్నారు. అమ్మమ్మ దోసిలి అలాగే చాచి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక తనూ కొంచెం నవ్వింది. ఇంతలో శ్రావ్య నా పక్కకు వచ్చింది. “ఆమె నీ చేయి పట్టుకుంది కదా. మీవాళ్లా?”

“కాదు,” అన్నాను. “ఎవరో. నాకు తెలియదు.”

మెల్లగా అన్నాననుకున్నాను. అమ్మమ్మ తల తిప్పింది. కొత్త కన్ను నన్ను చూసింది, పక్కనున్న తెల్ల మేజోళ్లను చూసింది. కందుల్ని మళ్లీ సంచిలో పోసుకుని, మా దగ్గరికి వచ్చి, శ్రావ్యతో అంది.

“దవాఖానకు వచ్చిన బిడ్డా. తోవ తప్పితే గీ పిల్లను అడిగిన. మంచి పిల్ల.”

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. శ్రావ్యతో కలిసి నేను ముందు నడిచాను, అమ్మమ్మ పది అడుగులు వెనక నడిచింది. పెద్ద రోడ్డు మేమిద్దరం పరుగెత్తి దాటేశాం. అవతలి గట్టున చేరి వెనక్కి చూస్తే, బస్సుల మధ్య సందుల్లోంచి ఆమె కనిపిస్తోంది. ఒక అడుగు ముందుకు వేసి, హారన్‌కు బెదిరి మళ్లీ వెనక్కి. నేను వెళ్లి చేయి పట్టుకుంటే రెండు నిమిషాల పని. వెళ్లలేదు. శ్రావ్య ఏదో చెబుతుంటే ఊ కొడుతూ నిలబడ్డాను. చివరికి పూలబుట్టతో పోతున్న ఎవరో ఒకామె కొంగు పట్టుకుని అమ్మమ్మ రోడ్డు దాటింది. శ్రావ్య తన సందులోకి మలుపు తిరిగేదాకా ఆమె నా దగ్గరికి రాలేదు.

ఇంటికెళ్లాక అమ్మ తన తల్లిని అడిగింది. “ఎట్లుందే అవ్వా పట్నం?”

“మస్తుంది. పిల్ల మంచిగ సూపెట్టింది.”

అంతే. ఆ రాత్రి నన్ను పక్కలో పడుకోబెట్టుకుంది కూడా. తిట్టి ఉంటే ఏడ్చి బయటపడేదాన్ని.

పొద్దున ఖేడ్ బస్సుకు బయల్దేరుతూ, గేటు దగ్గర నా చేయి పట్టుకుని చాపించింది. సంచి బోర్లించి, మిగిలిన కందులన్నీ నా అరచేతిలో పోసి, వేళ్లు తనే మూసింది. “ఊకె సూడద్దు గద బిడ్డా” అంది. నేను కళ్లెత్తలేదు. ఆ కందుల్ని కంపాసు డబ్బాలో దాచాను. పురుగు పట్టి పొడైనా చాలా రోజులు పారేయలేకపోయాను.

మేం మళ్లీ ఖేడ్‌కు వచ్చేసి చాలా కాలమైంది. అమ్మమ్మ లేదు. బేగంపేటలో ఆ విమానాలు లేవు, అవి ఊరి బయటికి వెళ్లిపోయాయి. గంగిరెద్దు మా వీధికి వచ్చి ఎన్నేళ్లయిందో. అందరం ఫోన్లలో పొద్దస్తమానం ఉత్తచేతులతోనే చూస్తున్నాం, ఎవరి కొంగులోనూ ఏమీ పోయనక్కర్లేదు. క్షమించమని నేను అమ్మమ్మను ఒక్కసారి కూడా అడగలేదు. అడగడానికి తర్వాత ఏడేళ్లు బతికే ఉంది.

పక్కింటి నుంచి కందుల పొగ వస్తోంది. ఆ పిడికెడు పట్నం చూపించినందుకే ఇచ్చిందని నమ్మాలని ఉంది నాకు. కానీ అమ్మమ్మ వేషం కట్టినవాళ్లకూ అంతే ఇచ్చేది.